పది వేల అడుగులు ఎవరి లెక్క?

ఒక్క నిమిషం ఆగి, ఇది చదువుతున్న ఫోన్‌లోనే హెల్త్ యాప్ ఉందేమో చూడండి. మీరు పెట్టుకోకపోయినా చాలా ఫోన్లలో కంపెనీవాళ్లే పెట్టి పంపుతారు. తెరిచి, నిన్న ఎన్ని అడుగులు వేశారో చూడండి. రెండు వేలా? నాలుగు వేలా? చాలా యాప్‌లలో ఆ అంకె చుట్టూ నిండని చక్రం ఒకటి కనిపిస్తుంది. అది నిండాలంటే 10,000 కావాలంటుంది.

ఈ పది వేలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? డాక్టర్లు కూర్చుని తేల్చిన లెక్క కాదిది. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. జపాన్ జనానికి ఒంటి మీద శ్రద్ధ పెరిగింది. మరుసటి ఏడాది, 1965లో, యమాసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటర్ ఒకటి అమ్మకానికి తెచ్చి దానికి 'మాన్పో-కే' అని పేరు పెట్టింది. అంటే 'పది వేల అడుగుల మీటర్' అని అర్థం. గుండ్రంగా ఉంది, గుర్తుంటుంది, సరుకు అమ్ముడుపోతుంది. అరవై ఏళ్ల నాటి ఆ అమ్మకం పేరే ఇవాళ మన జేబులో కూర్చుని మనల్ని సోమరులంటోంది.

పరిశోధనలు ఏమంటున్నాయి? హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం 2019లో ఒక అధ్యయనం అచ్చువేసింది. అమెరికాలో 16,741 మంది పెద్ద వయసు ఆడవాళ్లు, సగటు వయసు 72. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. 2025లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన మరో లెక్క వచ్చింది. అది కూడా 7,000 దగ్గరే మంచి లాభం ఉందని చెప్పింది. ఇవన్నీ జనాన్ని గమనించి వేసిన లెక్కలు కాబట్టి, నడక ఒక్కటే కారణమని ఖాయంగా అనలేం. కానీ ఒకటి మాత్రం తెలుస్తోంది. రెండు వేల దగ్గర ఉన్న మనిషి నాలుగు వేలకు పోవడం చిన్న విషయం కాదు. యాప్ మాత్రం ఆ మనిషికి కూడా 'ఇంకా ఆరు వేలు బాకీ' అని చూపిస్తుంది.

ఇది మీ కోసం కాదు, మీ ఇంట్లో వాళ్ల కోసం

మీకు ఇరవై, ఇరవై అయిదు ఏళ్లుంటాయి. పది వేలు ఒక్క క్రికెట్ మ్యాచ్‌లో లాగేస్తారు. నేను మాట్లాడేది మీ అమ్మ గురించి, మీ నాయన గురించి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన అంచనా ఇది. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది సరిపడా కదలడం లేదు. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. 'సరిపడా' అంటే ఏ మారథానో కాదు, కొంచెం ఊపిరి వేగంగా ఆడేలా వారానికి 150 నిమిషాలు. రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా పూర్తిగా కాదు. ఇంకో పక్క, 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. మీ వీధిలో నలుగురి పేర్లు మీరే చెప్పగలరు.

మా వైపు మూడు ఊళ్ల నుంచి ముగ్గురిని చూపిస్తా. ముగ్గురూ నాకు అయినవాళ్లే. ముగ్గురి ఫోన్లలోనూ పిల్లలు అడుగుల యాప్ పెట్టిచ్చారు.

ప్రొద్దుటూరులో మా పెదనాయనకు గుడ్డల అంగడి ఉంది. వయసు 56, షుగర్ వచ్చి ఆరేళ్లు. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని డాక్టర్ నడవమన్నాడు. పొద్దున పదికి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తాడు. ఇంటికీ అంగడికీ అర కిలోమీటరు కూడా లేదు, అయినా బండి మీదే పోతాడు. ఆయన ఫోన్‌లో యాప్ సరిగ్గా సాయంత్రం ఆరున్నరకు 'లేవండి, నడవండి' అని మోగుతుంది. పెళ్లి బట్టలకు వచ్చిన ఇంటిల్లిపాదీ చాపల మీద కూర్చుని ఉండే టైమది. "నేను బేరం చేచ్చాంటే నడువు నడువు అంటాది. బేరం ఇదేమన్నా చేచ్చాదా?" అని ఆయన గోల. ఇక ప్రొద్దుటూరు దసరా సంగతి మీకు తెలుసు. ఆ రాత్రుల్లో అమ్మవారి ఊరేగింపు వెంట తిరిగితే ఆయన లెక్క తొమ్మిది వేలు దాటుతుంది. మరుసటి రోజు మళ్లీ రెండు వేలే. యాప్ మళ్లీ ఎర్ర రంగు.

జమ్మలమడుగులో మా అత్తది మగ్గం ఉన్న ఇల్లు. ఆమెకు 48. కండెలు చుడుతుంది, వంట చేస్తుంది, నీళ్లు మోస్తుంది, మిద్దె మీద బట్టలారేస్తుంది. ఫోన్ మాత్రం పొద్దంతా ఫ్రిజ్ మీద ఉంటుంది, ఎందుకంటే చీరకు జేబు లేదు. సాయంత్రానికి యాప్ '300 అడుగులు' అని తేలుస్తుంది. అందులో వచ్చే సలహాలన్నీ ఇంగ్లిష్‌లో. ఒకసారి నన్ను చదివి చెప్పమంది. లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కమని రాసుంది. "మనింట్లో లిఫ్టు యాడుందిరా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పులివెందుల దగ్గర మా బావకు చీనీ తోట ఉంది. 41 ఏళ్లు. పాదుల్లో తిరిగేటప్పుడు నీళ్లలో పడుతుందని ఫోన్ మోటార్ షెడ్‌లో పెట్టి పోతాడు. తోటలో తిరిగిన తిరుగుడంతా యాప్‌కు తెలియదు. ట్రాక్టర్ మీద జేబులో పెట్టుకుని పోతే ఆ కుదుపుల్లో కొన్ని అడుగులు ఉత్తపుణ్యానికి కలుస్తాయి. ఇంకో తమాషా ఏమంటే, ఒకప్పుడు కరెంటు వచ్చినప్పుడల్లా మోటార్ వేయడానికి తోట దాకా నడిచి పోయేవాడు. ఇప్పుడు మొబైల్ స్టార్టర్ పెట్టాడు. మంచం మీద నుంచే ఫోన్ చేసి మోటార్ వేస్తాడు. ఆయన నడకను తగ్గించిన ఫోనే ఆయన్ను నడవమంటోంది.

ముగ్గురి పనీ వేరు, ఒళ్లూ వేరు, తీరిక దొరికే గంటా వేరు. టార్గెట్ మాత్రం ముగ్గురికీ పది వేలే. పేరు వేసి 'గుడ్ మార్నింగ్' చెప్పినంత మాత్రాన అది 'మీ కోసమే చేసిన' ప్రోగ్రామ్ అయిపోదు.

నిజంగా మనిషిని చూసి చెప్పే ప్రోగ్రామ్ ఎట్లా ఉంటుంది?

ఇలాంటివి పరిశోధకులు చాలా ఏళ్లుగా చేసి చూస్తున్నారు. వాటిలో మనకు పనికొచ్చేవి నాలుగు చెప్తా.

మొదటిది, టార్గెట్ మీ నడకలోంచే పుట్టాలి. అమెరికాలో మార్క్ ఆడమ్స్ బృందం 2013లో 20 మంది మీద ఆరు నెలల చిన్న పరీక్ష ఫలితాలు వెల్లడించింది. కొందరికి రోజూ పది వేల టార్గెట్ ఇచ్చారు. మిగతావాళ్లకు వాళ్ల గత తొమ్మిది రోజుల అడుగులు చూసి, అందులోంచే రేపటి టార్గెట్ లెక్కగట్టారు. ఇలా కదిలే టార్గెట్ ఉన్నవాళ్లు పది వేలవాళ్ల కన్నా రోజుకు 1,100 పైచిలుకు అడుగులు ఎక్కువ పెంచుకున్నారు.

రెండోది, చెప్పే టైమ్. 'హార్ట్‌స్టెప్స్' అని అమెరికాలోనే చేసిన ఇంకో ప్రోగ్రామ్ ఉంది. టైమ్, వాతావరణం, మనిషి ఉన్న చోటు చూసుకుని 'ఇప్పుడు కాస్త నడవచ్చు కదా' అని సూచిస్తుంది. బండి నడుపుతుంటే నోరు మూసుకుంటుంది. నడవమన్న సూచన వచ్చాక తర్వాతి అరగంటలో అడుగులు సగటున 24 శాతం పెరిగాయని 2019లో లెక్క తేల్చారు. బేరం మధ్యలో మోగడానికీ, మధ్యాహ్నం అంగడి ఖాళీగా ఉన్నప్పుడు చెప్పడానికీ తేడా ఇదే.

మూడోది, మనసు ఎక్కడుందో తెలుసుకుని మాట్లాడటం. ఇది మనకు దగ్గర్లోనే జరిగింది. చెన్నైలో డాక్టర్ అంబాడి రామచంద్రన్ బృందం, షుగర్ అంచున ఉన్న 35 నుంచి 55 ఏళ్ల మగ ఉద్యోగులు 537 మందిని ఆగ్నేయ భారతంలోని 10 చోట్ల నుంచి తీసుకుంది. అది 2009 నుంచి 2012 మధ్య మాట, స్మార్ట్‌ఫోన్లు ఇంకా ఇన్ని లేవు. అందరికీ మొదట ఆరోగ్య సలహాలిచ్చారు. సగం మందికి అదనంగా ఎస్ఎంఎస్‌లు పంపారు. అందరికీ ఒకే మెసేజ్ కాదు. 'ఇంకా ఆలోచిస్తున్నా' అనేవాడికి ఒకటి, 'మొదలుపెట్టా' అనేవాడికి ఇంకొకటి. రెండేళ్లకు మెసేజ్‌లు అందనివాళ్లలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది, అందినవాళ్లలో 18 శాతానికే. మెసేజ్‌లు తిండి మీదా, నడక మీదా కూడా ఉన్నాయి కాబట్టి ఈ ఘనతంతా నడకదే అనలేం. ఉత్త ఎస్ఎంఎస్‌తోనే ఇంత జరిగిందంటే ఆలోచించాల్సిందే.

నాలుగోది, భాష. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు యాభై దాటిన 245 మంది లాటినో పెద్దవాళ్లను తీసుకున్నారు. కొందరికి శిక్షణ పొందిన మనుషులు సలహాలిచ్చారు. మిగతావాళ్లకు తమ పేటలోని కమ్యూనిటీ సెంటర్‌లో కంప్యూటర్ తెర మీద 'కార్మెన్' అనే బొమ్మ మాట్లాడింది, స్పానిష్‌లో గానీ ఇంగ్లిష్‌లో గానీ, ఎవరికి ఏది ఇష్టమైతే అది. పోయిన వారం ఎంత నడిచారు, ఏం అడ్డొచ్చింది అని అడిగి దాన్ని బట్టి సలహా చెప్పేది. ఏడాది తర్వాత కార్మెన్‌తో మాట్లాడినవాళ్లు వారానికి 154 నిమిషాలు, మనుషులతో మాట్లాడినవాళ్లు 132 నిమిషాలు నడక పెంచుకున్నారు. కంప్యూటర్ మనిషికి తీసిపోలేదన్నమాట. ఈ ఫలితం 2020లో వచ్చింది.

మా అత్తకు కావాల్సింది అట్లాంటి కార్మెన్. కడప యాసలో 'ఏమ్మా, నిన్న నడిచినావా? మోకాలు ఎట్లుంది?' అని అడిగేది. ఫోన్లు తెలుగు మాటను బాగానే అర్థం చేసుకుంటున్న రోజులివి. వార్డు సచివాలయంలో ఒక మూల ఒక ట్యాబ్ పెట్టి ఇట్లాంటిది చేయడం కాని పనేమీ కాదు. మన కడప, పులివెందుల, ఇడుపులపాయలో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్ట్ ఏముంటుంది?

కానీ ఒక చిక్కుంది

ఈ ప్రోగ్రామ్‌ల మోజు తొందరగా తీరిపోతుంది. హార్ట్‌స్టెప్స్ సూచనలు మొదట్లో చాలా బాగా పనిచేశాయి, ఆరు వారాలు ముగిసేసరికి వాటి ప్రభావం దాదాపు కరిగిపోయింది. 2016లో పోకెమాన్ గో గుర్తుందా? వీధుల్లో బొమ్మలు పట్టుకుంటూ కుర్రకారు తెగ తిరిగారు. హార్వర్డ్ వాళ్లు లెక్కబెడితే మొదటి వారం రోజుకు 955 అడుగులు పెరిగాయి, ఆరో వారానికి మొదటికే వచ్చారు. రామచంద్రన్ బృందం కూడా ఉన్న తర్వాతి పరీక్ష ఒకటి భారత్‌లోనూ బ్రిటన్‌లోనూ రెండు వేల మందికి పైగా జనంతో జరిగింది. అందులో మెసేజ్‌లు షుగర్‌ను ఆపినట్టు తేలలేదు.

అందుకే యాప్ పెట్టిచ్చి 'నా పని అయిపోయింది' అనుకోకండి. లెక్క పెట్టడం యాప్‌కు వదలండి. పలకరించడం మాత్రం మీరు చేయండి. మన జిల్లా పిల్లలు సగం మంది బెంగళూరులో, హైదరాబాద్‌లో, కువైట్‌లో ఉన్నారు. యాప్ మోగితే నాయన పక్కకు నెట్టేస్తాడు. కూతురి వాయిస్ మెసేజ్ వస్తే రెండుసార్లు వింటాడు.

ఈ వారం ఇంట్లో చేసి చూడండి

డబ్బు పెట్టే పని లేదు. ఫోన్, ఒక నోట్‌బుక్ చాలు.

1. ముందు లెక్క సరిగ్గా రావాలి. అమ్మకు నడుముకు దోపుకునే చిన్న సంచి ఒకటి ఇవ్వండి, ఫోన్ అందులో ఉంటుంది. వీలైతే చేతికి కట్టుకునే బ్యాండ్ కొనివ్వండి. మగ్గం పని, తోట పని చేసేవాళ్లకు అడుగుల లెక్క సగం నిజమే చెప్తుందని గుర్తుపెట్టుకోండి. వాళ్లకు అడుగుల బదులు నిమిషాలు రాయండి.

2. తొమ్మిది రోజులు నోరు మెదపకండి. టార్గెట్ లేదు, పోరు లేదు. రోజూ అంకె మాత్రం రాయండి.

3. తొమ్మిది అంకెలనూ పెద్ద నుంచి చిన్నకు వరసగా పెట్టండి. మా పెదనాయనవి ఇట్లా వచ్చాయి: 4,200, 3,400, 3,000, 2,800, 2,600, 2,400, 2,300, 2,100, 1,900. పై నుంచి నాలుగోది చూడండి, 2,800. పదో రోజు టార్గెట్ అదే. తొమ్మిది రోజుల్లో నాలుగు రోజులు ఆయన అంత నడిచాడు కాబట్టి 'నాతో కాదు' అనడానికి లేదు. ఆ రోజు 3,100 నడిచాడనుకోండి. మొదటి రోజు లెక్క, అది 2,100 అనుకుందాం, తీసేసి ఇది చేర్చండి. ఇప్పుడు నాలుగోది 3,000. జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే టార్గెట్ దానంతటదే దిగుతుంది. ఆడమ్స్ పరీక్షలో కంప్యూటర్ చేసిన లెక్కకు ఇది ఇంటి రూపం. మా పెదనాయన ఆరు వారాలుగా దీన్ని పట్టుకున్నాడు. ఇప్పుడు నాలుగు వేల దగ్గర ఊగుతున్నాడు. అంగడికి నడిచి పోతున్నాడు, బండి ఇంట్లోనే ఉంటోంది. కొన్ని రోజులు తప్పుతాడు. తప్పినా ఎర్ర రంగు లేదు కాబట్టి మరుసటి రోజు మళ్లీ బయల్దేరుతున్నాడు.

4. యాప్ నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. రోజంతటిలో తీరిక దొరికే గంట ఏదో వాళ్లనే అడిగి, అప్పటికి తెలుగులో పేరు పెట్టి ఒక్క అలారం పెట్టండి.

5. ఎండను మర్చిపోకండి. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలే. ఎండాకాలం పొద్దున ఏడు లోపల, లేదా పొద్దుగూకాక. వీధిలో ఒంటరిగా నడవడానికి అమ్మ వెనకాడితే మిద్దె మీద నడక కూడా నడకే. పక్కింటి అక్కను తోడు పిలిస్తే ఇంకా మంచిది.

6. ఆదివారం ఫోన్ చేసినప్పుడు 'తిన్నావా' తర్వాత ఇంకో ప్రశ్న కలపండి: 'ఈ వారం నడకకు ఏం అడ్డొచ్చింది?' ఎన్ని అడుగులని అడగొద్దు. అడ్డు తెలిస్తేనే దారి దొరుకుతుంది.

ఏఐ చాట్‌ను ప్లాన్ అడుగుతానంటారా? అడగండి. తెలుగులోనే చెప్తుంది. కానీ ఊరికే 'మా నాన్నకు వాకింగ్ ప్లాన్ ఇవ్వు' అంటే మళ్లీ ఆ పది వేలే రావచ్చు. వయసు, ఏ జబ్బుకు ఏ మందులు, ఎక్కడ నొప్పి, రోజంతా ఏం పని, ఊళ్లో ఎండ ఎట్లుంది అనే అయిదు సంగతులూ చెప్పి అడగండి. వచ్చిన దాన్ని డాక్టర్‌కు చూపించండి.

డాక్టర్ మాట ఎందుకంటే, షుగర్‌కు ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకు నడకలో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. అరికాళ్లు తిమ్మిరి ఉంటే చెప్పుల్లేకుండా నడవకూడదు, ఇంటికొచ్చాక కాళ్లు చూసుకోవాలి. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టున్నా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా ఆగిపోయి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఇవేవీ యాప్ చక్రంలో కనిపించవు.

ఇంకొకటి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో అందరి అడుగులూ పెట్టి ఫస్ట్, సెకండ్, లాస్ట్ అని చెప్పకండి. ఆ లాస్ట్ ఎప్పుడూ అమ్మే అవుతుంది, ఎందుకంటే ఆమె ఫోన్ ఫ్రిజ్ మీదుంది.

తొమ్మిది రోజుల తర్వాత మీ ఇంట్లో ఆ నాలుగో అంకె ఎంత వచ్చిందో నాకు రాయండి. పదిహేను వందలు వచ్చినా సరే. దాని మీద ఒక వంద ఎట్లా కలపాలో మాట్లాడుకుందాం.